బాలసాహిత్య పురస్కారాలు – ఒక పరిశీలన

పాఠ్యాంశ ప్రవేశం

నవంబరు 14 సమీపించగానే బాలల దినోత్సవ వార్తలతోపాటు బాలసాహిత్య పురస్కారాల వార్తలు కూడా పత్రికల్లో కనిపిస్తాయి. ఫలానా రచయితకు ఫలానా పురస్కారం లభించిందని చదివి పాఠకుడు పుట తిప్పేస్తాడు. ఆ పురస్కారం దేనికి ఇచ్చారు? ఎవరు నిర్ణయించారు? ఏ నియమాన్ని అనుసరించి ఇచ్చారు? ఈ ప్రశ్నలు వేసుకున్నప్పుడే పురస్కారం విలువ, దాని పరిమితి కూడా తెలుస్తాయి. ప్రపంచంలోనూ మన దేశంలోనూ పేరుపొందిన కొన్ని బాలసాహిత్య పురస్కారాలను, వాటి వెనుకనున్న ఆలోచనను, తెలుగు బాలసాహిత్యానికి వాటితో గల సంబంధాన్ని ఈ వ్యాసం పరిచయం చేస్తుంది.

వ్యాసం

మహిలారోప్యమనే నగరాన్ని అమరశక్తి అనే రాజు పాలించేవాడు. ఆయనకు ముగ్గురు కుమారులు. ముగ్గురికీ చదువు అబ్బలేదు. మంత్రుల సలహాపై రాజు విష్ణుశర్మ అనే వృద్ధ పండితుణ్ణి పిలిపించి, తన బిడ్డలను ప్రాజ్ఞులను చేస్తే నూరు అగ్రహారాలు ఇస్తానన్నాడు. నూరు అగ్రహారాలకైనా విద్యను అమ్ముకోనని విష్ణుశర్మ బదులు చెప్పాడు. అయితే ఆరు నెలల్లో వారిని నీతికోవిదులను చేయలేకపోతే తన పేరునే విడిచిపెడతానని ప్రతిజ్ఞ చేశాడు. ఆ ఆరు నెలల పాఠమే పంచతంత్రం. పిల్లల కోసం చెప్పిన కథల్లో ప్రపంచమంతా తిరిగిన ఈ గ్రంథం ఒక బహుమానాన్ని కాదనడంతో మొదలుకావడం విశేషం.

ప్రాచీన తెలుగు కవులు సత్కారాలకు దూరంగా ఏమీ లేరు. అల్లసాని పెద్దన గండపెండేరం, శ్రీనాథుని కనకాభిషేకం ప్రసిద్ధాలు. అవన్నీ రాజు మెచ్చి ఇచ్చినవి. రాజు పెద్దవాడు, కవి పెద్దవాడు, విన్నవారూ పెద్దవారే. పిల్లలకు కథ చెప్పిన అమ్మమ్మకు గానీ, వీథిబడిలో శతకం వల్లె వేయించిన పంతులుకు గానీ గండపెండేరం తొడిగినవారు లేరు. పిల్లల పుస్తకాన్ని సాహిత్యంగా గుర్తించి, దానికి ప్రత్యేకంగా ఒక పురస్కారం ఉండాలన్న భావన ఇరవయ్యో శతాబ్దంలో పుట్టినదే.

ఇక్కడ రెండు మాటల అర్థాలను గమనించాలి. 'పురస్కారం' సంస్కృత పదం. 'పురస్' అంటే ముందు. 'పురస్కరించు' అంటే ముందు ఉంచడం. ఏదైనా సందర్భాన్ని 'పురస్కరించుకొని' సభ జరిగిందనడంలో ఈ అర్థమే ఉంది. గౌరవించడం అనేది దాని నుంచి వచ్చిన అర్థం. 'బహుమతి' అన్నప్పుడు 'మతి' అంటే తలపు. గొప్పగా తలచడమే బహుమతి. చేతికిచ్చే వస్తువును సూచించడం తరువాతి పరిణామం. ఈ వ్యుత్పత్తి పట్టుకొని చూస్తే బాలసాహిత్య పురస్కారం చేయవలసిన పని సులభంగా బోధపడుతుంది. అది ఒక పుస్తకాన్ని పిల్లల ముందు ఉంచాలి. శాలువా, జ్ఞాపిక, నగదు ఆ పనికి సాధనాలు మాత్రమే.

బాలసాహిత్యమంటే ఏదో కూడా స్పష్టంగా ఉండాలి. పిల్లల కోసం రాసినది, పిల్లల గురించి రాసినది, పిల్లలు రాసినది అని మూడు విధాల రచనలున్నాయి. ముళ్ళపూడి వెంకటరమణ 'బుడుగు'లో మాట్లాడేది పసివాడే అయినా, అందులోని చమత్కారాన్ని పూర్తిగా ఆస్వాదించేది పెద్దలు. బాలసాహిత్య పురస్కారాలు సాధారణంగా మొదటి రకానికి చెందుతాయి. ఈ మూడింటినీ కలిపివేయడం వల్ల చర్చల్లో చాలా గందరగోళం ఏర్పడుతూంటుంది.

పిల్లల పుస్తకాలకు ఇచ్చే పురస్కారాల్లో మిక్కిలి పాతవాటిలో ఒకటి అమెరికాలోని న్యూబెరీ పతకం. జాన్ న్యూబెరీ పద్దెనిమిదో శతాబ్దంలో లండన్ నగరంలో పుస్తకాలు అచ్చువేసి అమ్మిన వ్యాపారి. 1744లో ఆయన ప్రచురించిన చిన్న పుస్తకంతోపాటు మగపిల్లలకు బంతి, ఆడపిల్లలకు గుండుసూదులు గుచ్చుకునే మెత్త కూడా అమ్మేవాడట. పిల్లలకు చదువుతోపాటు ఆట కూడా కావాలని గ్రహించిన వ్యాపార చతురుడు. ఆయన పేరిట ఒక పతకం ఇవ్వాలని ఫ్రెడరిక్ మెల్చర్ 1921లో ప్రతిపాదించగా, అమెరికా గ్రంథాలయ సంఘం 1922 నుంచి ఇస్తున్నది. నిర్ణేతలు విశ్వవిద్యాలయ పండితులు కారు. పిల్లలకు రోజూ పుస్తకాలు అందించే గ్రంథపాలకుల వర్గం వారు. ఏ పుస్తకం అల్మారాలో దుమ్ము పట్టి ఉంటుందో, ఏది అట్ట ఊడేదాకా చేతులు మారుతుందో వారికి తెలిసినంతగా ఇతరులకు తెలియదు.

1928లో ఈ పతకాన్ని ఒక భారతీయుడు అందుకున్నాడు. ఆయన ధనగోపాల్ ముఖర్జీ. 1890లో కలకత్తా సమీపంలో జన్మించి, యౌవనంలో చదువుకోసం జపాను వెళ్ళి, అక్కడి నుంచి అమెరికా చేరి, ఇంగ్లీషులో రచనలు చేశాడు. పతకం పొందిన పుస్తకానికి నాయకుడు ఒక పావురం. కలకత్తాలో పెరిగి, హిమాలయాల మీదుగా ఎగిరి, మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు యుద్ధభూమిలో వార్తలు మోసిన పావురం అది. దాని పేరు చిత్రగ్రీవం; రంగురంగుల మెడ కలదని అర్థం. పుస్తకానికి పెట్టిన ఇంగ్లీషు పేరు ఈ మాటకు అనువాదమే.

ఈ పేరు తెలుగు విద్యార్థికి కొత్త కాదు. పంచతంత్రంలోని మిత్రలాభ కథలో వేటగాని వలలో చిక్కుకొని, తన వారందరితో కలిసి వలతో సహా ఎగిరిపోయి, హిరణ్యకుడనే ఎలుక స్నేహితుని చేత పాశాలు కొరికించుకున్న కపోతరాజు పేరు చిత్రగ్రీవుడు. పరవస్తు చిన్నయసూరి 1853లో వెలువరించిన 'నీతిచంద్రిక' ద్వారా ఆ కపోతరాజు తెలుగు పాఠశాలల్లో తరతరాల పిల్లలకు పరిచితుడయ్యాడు. నూరు అగ్రహారాలు వద్దన్న పండితుని కథలోని పక్షి పేరు, వేల యోజనాల దూరంలో మరో రూపంలో ఒక పతకాన్ని గెలుచుకుంది. అయితే ఒక విషయం మరువరాదు. న్యూబెరీ పతకం అమెరికాలో ప్రచురితమైన పుస్తకానికి, అమెరికా పౌరులకో నివాసులకో ఇచ్చేది. ముఖర్జీ కలకత్తాలోనే ఉండి వంగభాషలో అదే కథ రాసి ఉంటే ఆ నిర్ణేతల దృష్టికి వచ్చే అవకాశమే లేదు. ప్రతి పురస్కారానికీ ఒక సరిహద్దు ఉంటుంది. ఆ సరిహద్దు ఎక్కడుందో చూడకుండా 'ప్రపంచంలో అత్యుత్తమ గ్రంథం' అనడం పొరపాటు.

ఆ సరిహద్దులను దాటాలన్న సంకల్పంతో పుట్టినది హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పురస్కారం. దాని వెనుక యెల్లా లెప్‌మన్ అనే స్త్రీమూర్తి ఉంది. ఆమె జర్మనీలోని యూదు కుటుంబానికి చెందిన పాత్రికేయురాలు. హిట్లర్ పాలనలో దేశం విడిచి ఇంగ్లండులో తలదాచుకుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1945లో శిథిలమైన జర్మనీకి తిరిగి వచ్చింది. తిండికీ బట్టకూ కరవైన ఆ రోజుల్లో, పిల్లలకు ఇతర దేశాల పుస్తకాలు కావాలని ఆమె పట్టుబట్టింది. పరాయివారిని ద్వేషించడం నేర్చిన పిల్లలకు ఆ పరాయివారి కథలే మందు అని ఆమె నమ్మకం. వివిధ దేశాల నుంచి పుస్తకాలు అడిగి తెప్పించి 1946లో మ్యూనిక్ నగరంలో ప్రదర్శన పెట్టింది. 1949లో అక్కడే అంతర్జాతీయ బాలల గ్రంథాలయం వెలసింది. 1953లో బాలల పుస్తకాల అంతర్జాతీయ మండలి ఏర్పడింది. ఆ మండలి 1956 నుంచి రెండేళ్ళకొకసారి ఇచ్చేదే ఆండర్సన్ పురస్కారం. 1960లో దీనిని అందుకున్న ఎరిక్ కేస్ట్నర్ జర్మన్ రచయిత. 1933లో నాజీలు నడివీథిలో తగులబెట్టిన పుస్తకాల్లో ఆయనవి కూడా ఉన్నాయి. కాల్చిన చేతులకూ పతకమిచ్చిన చేతులకూ నడుమ ఇరవై ఏడేళ్ళు గడిచాయి.

ఆండర్సన్ పురస్కార చరిత్రలో రెండు మార్పులు ప్రత్యేకంగా గుర్తుంచుకోదగినవి. మొదటి మూడు పర్యాయాలూ దీనిని ఒక్కొక్క పుస్తకానికి ఇచ్చారు. 1962 నుంచి రచయిత సమగ్ర కృషికి ఇవ్వసాగారు. 1966 నుంచి చిత్రకారునికి కూడా విడిగా పురస్కారం ఏర్పరిచారు. పిల్లల పుస్తకంలో బొమ్మ అలంకారం కాదు, కథలో సగమని అంగీకరించినట్లయింది. అమెరికా గ్రంథాలయ సంఘం ఈ పని ఇంకా ముందే చేసింది. బొమ్మల పుస్తకాల కోసం కాల్డెకాట్ పతకాన్ని 1938లోనే ప్రారంభించింది.

ఇంగ్లండులోని కార్నెగీ పతకం 1936 సంవత్సరపు పుస్తకంతో మొదలైంది. చిత్రంగా ఆ మొదటి పుస్తకంలో కూడా వార్తలు మోసే పావురాలే ఉన్నాయి. ఈ పతకం విషయంలో మెచ్చుకోదగిన సంగతి మరొకటి. 1943, 1945, 1966 సంవత్సరాలకు తగిన పుస్తకం లేదని నిర్ణేతలు పతకాన్ని ఎవరికీ ఇవ్వలేదు. ఇవ్వకపోవడం కూడా ఒక తీర్పే. ఏటా ఎవరో ఒకరికి ఇచ్చి తీరాలన్న నియమం ఉన్నచోట ఆ తీర్పుకు తావుండదు.

స్వీడన్ ప్రభుత్వం 2002లో, ఆ ఏడాదే కన్నుమూసిన తమ బాలల రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ పేరిట ఒక పురస్కారాన్ని నెలకొల్పింది. దాని మొత్తం 50 లక్షల స్వీడిష్ క్రోనర్లు. రచయితలకు, చిత్రకారులకే గాక కథలు చెప్పేవారికి, పిల్లల చేత పుస్తకాలు చదివించే సంస్థలకు కూడా దీనిని ఇస్తారు. దక్షిణాఫ్రికాకు చెందిన ఒక పఠన సంస్థ, పాలస్తీనాకు చెందిన మరొక సంస్థ దీనిని పొందాయి. పుస్తకం రాయడంతోపాటు చదివించడం కూడా సాహిత్యసేవేనన్న ఈ దృష్టి ఉదాత్తమైనది.

పురస్కారాలు కూడా కాలపరీక్షకు లోనవుతాయి. అమెరికా గ్రంథాలయ సంఘం ఒక బాలల రచయిత్రి పేరిట ఇస్తున్న జీవన సాఫల్య పతకానికి, ఆమె పుస్తకాల్లో ఆదివాసులను, నల్లజాతివారిని చిత్రించిన తీరు నేటి విలువలకు సరిపడదని భావించి, 2018లో పేరు మార్చింది. ఇది న్యాయమని కొందరు, చరిత్రను చెరపడమని కొందరు వాదించారు. వాదం ఎలా ఉన్నా, పతకం మీది పేరు శిలాక్షరం కాదని రుజువైంది.

ఇవన్నీ పెద్దలు నిర్ణయించినవి. పిల్లలే ఇచ్చే గౌరవం ఒకటుంది. పోలండు దేశంలో 1968లో ఆరంభమైన 'చిరునవ్వు పతకం' అది. పిల్లలు ప్రతిపాదించి, పిల్లలు ఇస్తారు. పతకం పుచ్చుకునేవారు ఒక గ్లాసు నిమ్మరసం పంచదార లేకుండా తాగి, ముఖం చిట్లించకుండా నవ్వాలి. ప్రసిద్ధ వ్యంగ్య చిత్రకారుడు శంకర్ 1977లో ఈ గౌరవాన్ని పొందాడు. పెద్ద పెద్ద సభల్లో గంటల తరబడి సాగే ప్రశంసోపన్యాసాలతో పోలిస్తే ఆ గ్లాసెడు నిమ్మరసమే మేలనిపిస్తుంది.

శంకర్ పేరుతో మన దేశంలోకి వచ్చినట్లే. కేశవ శంకర్ పిళ్ళై 1957లో ఢిల్లీలో చిల్డ్రన్స్ బుక్ ట్రస్టును స్థాపించాడు. పిల్లలకు చవకగా, అందంగా పుస్తకాలు అందించడం దాని లక్ష్యం. అదే సంవత్సరం భారత ప్రభుత్వం నేషనల్ బుక్ ట్రస్టును ఏర్పరచింది. చిల్డ్రన్స్ బుక్ ట్రస్టు 1978లో బాలల రచయితలకు పోటీలు ప్రారంభించింది. ఇక్కడ బహుమతి అచ్చయిన పుస్తకానికి కాదు, రాతప్రతికి. గెలిచిన రాతప్రతి తరువాత పుస్తకమవుతుంది. పూచిన పూవుకు దండ వేయడం ఒక పద్ధతి, మొలకకు నీరు పోయడం మరొక పద్ధతి. బాలసాహిత్యం బలహీనంగా ఉన్న భాషలకు రెండో పద్ధతి ఎక్కువ ఉపకరిస్తుంది.

భారతీయ భాషలన్నింటినీ దృష్టిలో ఉంచుకొని ఇచ్చే ముఖ్యమైన గౌరవం కేంద్ర సాహిత్య అకాడమీ బాలసాహిత్య పురస్కారం. అకాడమీ 1954 మార్చి 12న ప్రారంభమైంది. 1955లో మొదటిసారి పురస్కారాలు ప్రకటించినప్పుడు తెలుగులో సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు గౌరవం దక్కింది. అప్పటికి ఆయన జీవించిలేరు. పెద్దల సాహిత్యానికి 1955లో మొదలైన ఈ గుర్తింపు పిల్లల సాహిత్యం దాకా రావడానికి మరో 55 ఏళ్ళు పట్టింది. బాలసాహిత్య పురస్కారం 2010లో ఆరంభమైంది. అకాడమీ గుర్తించిన 24 భాషల్లో ఏటా ఇస్తారు. 50,000 రూపాయల నగదు, తామ్రఫలకం ఇందులో భాగాలు. ప్రతి భాషకూ ముగ్గురు సభ్యుల న్యాయనిర్ణేతల సంఘం ఉంటుంది.

దీని నియమాన్ని శ్రద్ధగా చూడాలి. పురస్కార సంవత్సరానికి ముందటి ఏడాదిని విడిచిపెట్టి, దానికి ముందున్న ఐదేళ్ళలో మొదటిసారి అచ్చయిన పుస్తకాలను పరిశీలిస్తారు. ఉదాహరణకు 2023 పురస్కారానికి 2017 జనవరి 1 నుంచి 2021 డిసెంబరు 31 వరకు వెలువడిన పుస్తకాలు అర్హమైనవి. అయితే తొలి పదేళ్ళకు, అంటే 2010 నుంచి 2019 వరకు, రచయిత మొత్తం కృషిని లెక్కలోకి తీసుకొని కూడా ఇవ్వవచ్చునని ఒక వెసులుబాటు ఉండేది. ఎన్నో ఏళ్ళుగా గుర్తింపు లేక ఉండిపోయిన పాతతరం రచయితల బాకీ తీర్చడానికి ఇది తోడ్పడింది. 2015లో చొక్కాపు వెంకటరమణకు, 2017లో వాసాల నర్సయ్యకు సమగ్ర కృషికే పురస్కారం లభించింది. ఆండర్సన్ పురస్కారం పుస్తకం నుంచి కృషి వైపు నడిస్తే, అకాడమీ పురస్కారం కృషి నుంచి పుస్తకం వైపు నడిచిందన్న మాట.

తెలుగులో మొదటి పురస్కారాన్ని కలువకొలను సదానంద 'అడవితల్లి' నవలకు 2010లో పొందారు. 2011లో ఎం. భూపాల్‌రెడ్డి 'ఉగ్గుపాలు', 2013లో డి. సుజాతాదేవి 'ఆటలో అరటిపండు', 2014లో దాసరి వెంకటరమణ 'ఆనందం' కథల సంపుటాలు ఎంపికయ్యాయి. 2016లో ఆలపర్తి వెంకట సుబ్బారావు 'స్వర్ణ పుష్పాలు' గేయాలకు దక్కింది. 2018, 2019 సంవత్సరాల్లో వరుసగా ఉత్తరాంధ్రకు, అందులోనూ ఒకే ఊరికి పురస్కారం వచ్చింది. నారంశెట్టి ఉమామహేశ్వరరావు 'ఆనందలోకం', బెలగాం భీమేశ్వరరావు 'తాత మాట వరాల మూట' రచించిన పార్వతీపురం రచయితలు. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా కేంద్రమైన రోజే పార్వతీపురం కూడా జిల్లా కేంద్రమైంది. ఆ గౌరవం కన్నా ముందే అది బాలసాహిత్యానికి కేంద్రమైందని చెప్పడం అతిశయోక్తి కాదు. 2020లో కన్నెగంటి అనసూయ 'స్నేహితులు', 2021లో దేవరాజు మహారాజు 'నేను అంటే ఎవరు?' అనే నాటకం, 2022లో పత్తిపాక మోహన్ 'బాలల తాత బాపూజీ', 2023లో డి.కె. చదువులబాబు 'వజ్రాల వాన', 2024లో పి. చంద్రశేఖర్ ఆజాద్ 'మాయాలోకం' నవల, 2025లో గంగిశెట్టి శివకుమార్ 'కబుర్ల దేవత' ఈ గౌరవం పొందాయి.

ఈ వరుసను గమనిస్తే కథాసంపుటాలదే పైచేయి అని తెలుస్తుంది. నాటకం ఒక్కటే. దేవరాజు మహారాజు జంతుశాస్త్ర ఆచార్యులు కావడం వల్ల ఆయన పేరు చూసినప్పుడు విజ్ఞాన రచన గుర్తుకు వస్తుంది. కాని పిల్లలకు నక్షత్రాల గురించో, పాముల గురించో చెప్పే శాస్త్ర గ్రంథం ఈ వరుసలో తక్కువగానే కనిపిస్తుంది. గ్రహీతల్లో పలువురు ఉపాధ్యాయులు. తరగతి గదిలో ఎదురుగా కూర్చున్న పిల్లల ముఖాలే వారి రచనలకు మొదటి నిర్ణేతలు. అదే వారి బలం. ప్రతి కథ చివరా ఒక నీతిని తగిలించే అలవాటు కొందరిలో కనిపించడానికి కూడా అదే కారణం కావచ్చు.

రాష్ట్రస్థాయిలో తెలుగు విశ్వవిద్యాలయం కీర్తి పురస్కారాల్లో బాలసాహిత్యానికి చోటిచ్చింది. 1985లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయానికి తెలంగాణ ప్రభుత్వం 2025లో సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టింది. ఇవిగాక వ్యక్తుల పేరిట, సంస్థల పేరిట ఇచ్చే పురస్కారాలు అనేకం ఉన్నాయి. వాటి సంఖ్య పెరిగినంతగా బాలల పుస్తకాల కొనుగోలు పెరగలేదన్నది ఆ రంగంలోని వారు తరచు చెప్పే మాట. పురస్కారం పొందిన పుస్తకం ఊరి శాఖా గ్రంథాలయంలో దొరకకపోతే అది ఎవరి ముందు ఉంచినట్లు?

ఇంతవరకు చెప్పిన పురస్కారాలన్నింటికీ ఒక సామాన్య లక్షణం ఉంది. అట్ట మీద ఒక పేరున్న పుస్తకాన్నో, పదిమందికీ తెలిసిన ఒక పేరునో అవి ఆశిస్తాయి. తెలుగు బాలసాహిత్యం మాత్రం చాలాకాలం పుస్తకాల్లో గాక పత్రికల్లో బతికింది. రేడియో అన్నయ్యగా పేరుపొందిన న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి దంపతులు 1945లో 'బాల' పత్రికను స్థాపించారు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుంచి 'చందమామ'ను ప్రారంభించారు. 1952 నుంచి 1980లో మరణించేదాకా కొడవటిగంటి కుటుంబరావు దాని సంపాదకత్వ బాధ్యత వహించారు. ఎవరు పంపిన కథనైనా చందమామ శైలిలోకి తిరగరాయడం ఆ కార్యాలయపు రివాజు. వాక్యం సూటిగా, మాట తేలికగా, పసివానికి అడ్డు తగలకుండా ఉండాలి. ఆ శైలిని తీర్చిదిద్దిన శ్రమకు కింద సంతకం లేదు.

దాసరి సుబ్రహ్మణ్యం సంగతి ఇందుకు ప్రబల నిదర్శనం. ఆయన 1952లో చందమామలో చేరి 2006 వరకు పనిచేశారు. 'తోకచుక్క'తో మొదలుపెట్టి 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'రాతిరథం' వంటి పన్నెండు ధారావాహికలు రాశారు. తరువాతి సంచిక ఎప్పుడు వస్తుందా అని అంగడి దగ్గర కాచుకు కూర్చున్న పిల్లల్లో ఎవరికీ ఆయన పేరు తెలియదు. అవి ఆయన పేరు లేకుండానే అచ్చయ్యాయి. అకాడమీ బాలసాహిత్య పురస్కారం పుట్టిన 2010వ సంవత్సరం జనవరిలోనే ఆయన కన్నుమూశారు. సమగ్ర కృషికి ఇవ్వవచ్చునన్న వెసులుబాటు అమలులోకి వచ్చేసరికి, తెలుగులో దానికి మిక్కిలి తగిన ఒకాయన లేరు. ఇందులో ఎవరి తప్పూ వెతకనక్కరలేదు. పేరు అచ్చువేయని పత్రిక సంప్రదాయం, పేరునే వెతికే పురస్కార నియమం ఒకదానికొకటి ఎదురుపడలేదు. ఆ ధారావాహికలు ఆయన పేరుతో పుస్తకాలుగా రావడం ఆయన మరణానంతరం జరిగింది. 2013 నాటికి చందమామ ప్రచురణ కూడా ఆగిపోయింది.

చిత్రకారుల విషయంలో ఈ లోపం మరింత స్పష్టం. అకాడమీ సాహిత్య సంస్థ కాబట్టి దాని పురస్కారం రచయితకే చెందుతుంది. కాల్డెకాట్ పతకం వంటిది తెలుగు పిల్లల బొమ్మలకు లేదు. విక్రమార్కుని భుజం మీద బేతాళుణ్ణి వేలాడదీసిన చందమామ చిత్రకారుడు శంకర్, అసలు పేరు శివశంకరన్, 2020లో మరణించాక 2021లో పద్మశ్రీ ప్రకటించారు. అంతకు మునుపు చందమామ ముఖచిత్రాలకు ప్రాణం పోసిన మరొక చిత్రకారుడు వడ్డాది పాపయ్య. 'వ.పా.' అన్న రెండక్షరాల సంతకంతో తెలుగు ఇళ్ళలోకి ప్రవేశించారు. 1921లో శ్రీకాకుళంలో జన్మించి, అనకాపల్లిలో డ్రాయింగ్ ఉపాధ్యాయునిగా పనిచేసి, మద్రాసు చందమామలో పేరు గడించి, చివరికి అనకాపల్లికి ఆనుకొని ఉన్న కశింకోటలో స్థిరపడ్డారు. ఆయన గీసిన దేవకన్యల, రాకుమారుల, నెమళ్ళ రంగులు చూసి అక్షరాలు రాని పిల్లలు కూడా ఆ పత్రికను తమదనుకున్నారు. 1992 డిసెంబరు 30న కశింకోటలో ఆయన మరణించే నాటికి తెలుగులో బాలల చిత్రకారునికంటూ ఒక జాతీయ పురస్కారం లేదు.

అభ్యాసాలు

1. 'పురస్కారం', 'బహుమతి' పదాల వ్యుత్పత్తిని తెలిపి, వాటి అర్థపరిణామాన్ని వివరించండి.

2. ధనగోపాల్ ముఖర్జీ రచనలోని పావురానికీ, 'నీతిచంద్రిక'లోని కపోతరాజుకూ గల సంబంధం ఏమిటి?

3. ఒక పుస్తకానికి ఇచ్చే పురస్కారం, సమగ్ర కృషికి ఇచ్చే పురస్కారం – వీటిలో ఏది సముచితం? ఆండర్సన్, కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారాలను ఉదాహరించి చర్చించండి.

4. తెలుగు బాలసాహిత్యంలో పత్రికల పాత్రను, పురస్కారాల నియమాలను జోడించి ఒక వ్యాసం రాయండి.

5. మీ ఊరి గ్రంథాలయానికి వెళ్ళి, ఈ పాఠంలో పేర్కొన్న తెలుగు పుస్తకాల్లో ఏవి ఉన్నాయో చూడండి. ఒకటి ఇంటికి తెచ్చి, మీ ఇంట్లోనో ఇరుగుపొరుగునో ఉన్న పిల్లలకు చదివి వినిపించి, వారి అభిప్రాయాన్ని వారి మాటల్లోనే రాసుకురండి.